ఒత్తిడిలో నోరాడ్రినలిన్, మెదడు జన్యువులు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఒత్తిడి అనగానే అందరి నోటా కార్టిసాల్ అనే హార్మోన్ పేరే వస్తుంది. కానీ కార్టిసాల్ రక్తంలో పైకి చేరేసరికి ఇరవై ముప్పై నిమిషాలు పడుతుంది. ఆలోపే మెదడులో నోరాడ్రినలిన్ అనే రసాయనం తన పని మొదలుపెట్టేసి ఉంటుంది. ఆ పని ఏమిటి, అది జన్యువుల దాకా ఎలా చేరుతుంది, మందులకూ పరీక్షలకూ దానితో సంబంధం ఏమిటి అని చదువరులు, విద్యార్థులు అడిగే ప్రశ్నలకు ఇవి జవాబులు.

నోరాడ్రినలిన్, అడ్రినలిన్ ఒకటేనా?

కాదు, అక్కాచెల్లెళ్ల లాంటివి. నోరాడ్రినలిన్ అణువుకు ఒక మిథైల్ గుంపు తగిలిస్తే అడ్రినలిన్ అవుతుంది. తగిలించే ఎంజైమ్ పేరు పీఎన్‌ఎంటీ. అది ప్రధానంగా మూత్రపిండాల పైన ఉండే అడ్రినల్ గ్రంథుల లోపలి భాగంలో ఉంటుంది. అందుకే రక్తంలో తిరిగే అడ్రినలిన్ దాదాపు అంతా అక్కడి నుంచే వస్తుంది. మెదడులో మాత్రం పెత్తనం నోరాడ్రినలిన్‌దే. అమెరికా పుస్తకాల్లో కనిపించే నోరెపినెఫ్రిన్ కూడా ఇదే, పేరు మాత్రమే వేరు.

ఐసీయూలో మా నాన్నగారికి నోరాడ్రినలిన్ డ్రిప్ పెట్టారు. అది మెదడును కూడా ఒత్తిడికి గురిచేస్తుందా?

నేరుగా కాదు. రక్తానికీ మెదడుకూ మధ్య ఉన్న అడ్డుగోడను నోరాడ్రినలిన్ దాటలేదు. సెప్సిస్ లాంటి స్థితిలో రక్తపోటు పడిపోయినప్పుడు రక్తనాళాలను బిగించడానికి ఆ డ్రిప్ ఇస్తారు. రక్తంలో దాని అర్ధాయువు రెండు మూడు నిమిషాలే, అందుకే ఇంజెక్షన్‌లా ఒక్కసారి ఇచ్చి ఊరుకోకుండా పంపుతో ఆగకుండా ఎక్కిస్తూ ఉంటారు. మెదడుకు కావలసిన నోరాడ్రినలిన్‌ను మెదడే తయారుచేసుకోవాలి.

మెదడులో ఇది ఎక్కడ పుడుతుంది?

మెదడు కాండంలో పాన్స్ అనే భాగం ఉంది. అక్కడ ద్రవం నిండిన నాలుగో కుహరం పక్కన, చెరోవైపు ఒకటి చొప్పున, సుమారు ఒకటిన్నర సెంటీమీటర్ల పొడవున్న సన్నని కణాల గుంపులు రెండు ఉంటాయి. వీటి పేరు లోకస్ సెరూలియస్, లాటిన్‌లో 'నీలి చోటు' అని అర్థం. కణాల్లో పేరుకునే న్యూరోమెలనిన్ వల్ల కోసి చూసినప్పుడు నీలంగా కనిపిస్తుంది. మనిషి మెదడులో 8,600 కోట్ల న్యూరాన్లు ఉంటే, ఈ రెండు గుంపులూ కలిపి సుమారు 50 వేలు. ఎలుకలో అయితే ఒక్కో వైపు 1,500 చుట్టుపక్కల. ఇంత చిన్న గుంపు మెదడు పైపొర నుంచి వెన్నుపాము దాకా తన తీగలు పరుస్తుంది. మెదడులో వేరే నోరాడ్రినలిన్ గుంపులు కూడా ఉన్నాయి. అయితే మెదడు పైపొరకూ, జ్ఞాపకాలకు కీలకమైన హిప్పోక్యాంపస్‌కూ అందేదంతా దాదాపు ఇక్కడి నుంచే.

నాడులు విడుదల చేసేది నోరాడ్రినలిన్ అని 1946లో స్వీడన్‌కు చెందిన ఉల్ఫ్ ఫాన్ ఆయిలర్ తేల్చారు. మెదడులో ఏ కణాల్లో అది ఉందో 1964లో డాల్‌స్ట్రోమ్, ఫుక్సే కణాలను వెలిగించి చూపించారు. ఫార్మాల్డిహైడ్ ఆవిరి తగిలితే ఈ రసాయనం మెరుస్తుంది, వారి పద్ధతికి ఆధారం అదే.

శరీరం దీన్ని దేనితో తయారుచేస్తుంది? టైరోసిన్ పొడి తింటే పెరుగుతుందా?

మూలపదార్థం టైరోసిన్ అనే అమైనో ఆమ్లం. పప్పు, గుడ్డు, పెరుగు, మాంసం, అన్నింటిలోనూ ఉంటుంది. టైరోసిన్ హైడ్రాక్సిలేజ్ అనే ఎంజైమ్ దాన్ని ఎల్-డోపాగా మారుస్తుంది, దీనికి ఇనుము కావాలి. తర్వాతి ఎంజైమ్ విటమిన్ బీ6 సాయంతో డోపమిన్ చేస్తుంది. ఆ డోపమిన్ చిన్న సంచుల్లోకి చేరాక, అక్కడ డీబీహెచ్ అనే ఎంజైమ్ రాగి, విటమిన్ సీ సాయంతో దాన్ని నోరాడ్రినలిన్‌గా మారుస్తుంది.

మొత్తం వేగాన్ని నిర్ణయించేది మొదటి మెట్టే. మామూలుగా తినేవారిలో ఆ ఎంజైమ్‌కు టైరోసిన్ కొరత ఉండదు, అందుకే పొడి తిన్నంత మాత్రాన ఉత్పత్తి అదే పనిగా పెరిగిపోదు. ఎంఏఓ నిరోధక మందులు (నోరాడ్రినలిన్‌ను విరిచే ఎంజైమ్‌ను ఆపేవి) వాడేవారు, థైరాయిడ్ మాత్రలు వేసుకునేవారు ఇలాంటి పొడులను డాక్టరును అడగకుండా ముట్టుకోకూడదు.

ఒత్తిడిలో 'జన్యువులు మారతాయి' అంటున్నారు. జన్యువే మారిపోతుందా?

లేదు. ఈ ఒక్క మాట సరిగ్గా అర్థమైతే ఈ విషయంలో సగం గందరగోళం పోతుంది. డీఎన్‌ఏలోని అక్షరాల వరుస అలాగే ఉంటుంది. మారేది ఏ జన్యువును కణం ఎంత చదువుతోంది, అంటే ఎన్ని ఎంఆర్‌ఎన్‌ఏ నకళ్లు తీస్తోంది అన్నది. చెరువులో నీరు అదే, ఏ తూము ఎంత ఎత్తారన్నదే తేడా. చాలా తూములు కొన్ని గంటల్లో మళ్లీ మూసుకుంటాయి కూడా. డీఎన్‌ఏ మీద మిథైల్ గుర్తులు పడడమో తొలగడమో జరిగి, ఆ మార్పు ఎక్కువకాలం నిలిచే సందర్భాలు ఉన్నాయి. బాల్యంలో తీవ్రమైన హింసకు గురైనవారిలో ఎఫ్‌కేబీపీ5 జన్యువు దగ్గర కొందరికి ఆ గుర్తులు తగ్గినట్టు కనిపించింది. అప్పుడు కూడా అక్షరాలు మారవు.

ఒత్తిడి మొదలైన క్షణం నుంచి జన్యువు దాకా వరుసగా ఏం జరుగుతుంది?

మెలకువగా, ప్రశాంతంగా ఉన్నప్పుడు లోకస్ సెరూలియస్ న్యూరాన్లు సెకనుకు ఒకటి నుంచి మూడు సార్లు స్పందిస్తుంటాయి. నిద్రలో నెమ్మదిస్తాయి, కలలు వచ్చే దశలో దాదాపు పూర్తిగా మౌనం వహిస్తాయి. ప్రమాదం కనబడగానే, భయాన్ని పసిగట్టే అమిగ్డలా వంటి మెదడు భాగాల నుంచి సీఆర్‌ఎఫ్ అనే సంకేతం అందుతుంది, ఈ స్పందనల జోరు పెరుగుతుంది.

సెకన్లలో నోరాడ్రినలిన్ విడుదలవుతుంది. అది న్యూరాన్ల సందుల్లోనే ఆగిపోదు, చుట్టుపక్కల కణాల మధ్యకు కూడా వ్యాపిస్తుంది. కణాల పైన దాన్ని అందుకునే గ్రాహకాలు మూడు కుటుంబాలు: ఆల్ఫా-1, ఆల్ఫా-2, బీటా. ఆల్ఫా-2 కొద్ది మోతాదుకే స్పందిస్తుంది, విడుదల చేసే న్యూరాన్ మీదే ఉండి బ్రేకులా పనిచేస్తుంది. క్లోనిడిన్ అనే మందు నొక్కేది ఈ బ్రేకునే, యోహింబిన్ తీసేసేది దీన్నే. బీటా గ్రాహకాలు పూర్తిగా మేల్కోవాలంటే నోరాడ్రినలిన్ బాగా ఎక్కువగా ఉండాలి. ఒత్తిడిలో జరిగేది అదే.

జన్యువులకు దారి ఎక్కువగా బీటా గుండానే. బీటా గ్రాహకం జీఎస్ అనే ప్రోటీన్‌ను కదిలిస్తుంది, కణంలో సైక్లిక్ ఏఎంపీ పెరుగుతుంది, ప్రోటీన్ కైనేజ్-ఏ లేస్తుంది. అది కేంద్రకంలోకి వెళ్లి క్రెబ్ అనే ప్రోటీన్‌కు 133వ స్థానంలోని సెరీన్ మీద ఫాస్ఫేట్ అంటిస్తుంది. ఇదంతా నిమిషాల్లో. ఫాస్ఫేట్ తగిలిన క్రెబ్, డీఎన్‌ఏ మీద టీ-జీ-ఏ-సీ-జీ-టీ-సీ-ఏ లాంటి వరుస ఉన్నచోట సాయక ప్రోటీన్లను పోగుచేసి చదవడం మొదలుపెట్టిస్తుంది. సీ-ఫాస్, ఆర్క్ వంటి 'తొలి జన్యువులు' లేచేది ఇక్కడే. సీ-ఫాస్ ఎంఆర్‌ఎన్‌ఏ అరగంటకు శిఖరానికి చేరి రెండు గంటలలోపు దిగిపోతుంది. దాని ప్రోటీన్ గంట నుంచి రెండు గంటల మధ్య ఎక్కువగా కనిపిస్తుంది.

అయితే ఒత్తిడిలో కదిలే జన్యువులన్నిటికీ నోరాడ్రినలినే కారణమా?

కాదు. ఈ ఒక్క రసాయనానికి అన్నీ అంటగట్టడం చాలా వ్యాసాల్లో కనిపించే పొరపాటు. తీవ్రమైన ఒత్తిడి తర్వాత హిప్పోక్యాంపస్‌లో వందలాది జన్యువుల చదువు మారుతుంది. అందులో పెద్ద భాగం న్యూరాన్లు గ్లూటమేట్ అనే రసాయనంతో ఉత్తేజం పొందడం వల్ల, ఇంకో భాగం తర్వాత వచ్చే కార్టిసాల్ వల్ల. కార్టిసాల్ దారి వేరు: అది నేరుగా కణంలోకి దూరి, గ్లూకోకార్టికాయిడ్ గ్రాహకంతో జతకట్టి, ఆ జంట డీఎన్‌ఏ మీద కూర్చుంటుంది. ఎఫ్‌కేబీపీ5 దాని మార్కు జన్యువు.

నోరాడ్రినలిన్ వాటా ఎంతో విడదీసి చూసిన పనుల్లో 2024లో జ్యూరిక్‌లోని ఈటీహెచ్ పరిశోధకులు ప్రచురించినది ముఖ్యమైనది. ఎలుకల్లో ఒత్తిడికి ముందు బీటా గ్రాహకాలను మూసేస్తే, కొద్దిపాటి జన్యువుల గుంపు మాత్రమే లేవకుండా ఆగిపోయింది. ఆల్ఫా-1ను మూస్తే అలా జరగలేదు. తిరగేసి, ఏ ఒత్తిడీ లేకుండా లోకస్ సెరూలియస్‌ను మాత్రమే కదిలిస్తే అవే జన్యువులు లేచాయి. రెండు దిక్కుల నుంచీ ఒకే జవాబు రావడం ఈ పనికి బలం. అంటే నోరాడ్రినలిన్ పని ఇరుకైనది, కానీ అది చేసే పని ఇంకెవరూ చేయరు.

ఆ కొద్ది జన్యువులు చేసే పని ఏమిటి?

ఆసక్తికరమైన సంగతి ఇదే: వాటిలో చెప్పుకోదగ్గవి న్యూరాన్లలో కాదు, ఆస్ట్రోసైట్లలో లేస్తాయి. నక్షత్రం ఆకారంలో ఉండి న్యూరాన్లకు తిండి, శుభ్రత చూసుకునే కణాలు ఇవి. వాటి మీద బీటా గ్రాహకాలు బాగా ఉంటాయి.

ఒక ఉదాహరణ పీపీపీ1ఆర్3సీ. మెదడులో గ్లైకోజన్, అంటే దాచుకున్న గ్లూకోజు, దాదాపు అంతా ఆస్ట్రోసైట్లలోనే ఉంటుంది. నోరాడ్రినలిన్ తగలగానే అది కరిగి న్యూరాన్లకు ఇంధనం అందుతుంది. ఇది నిమిషాల పని, దీనికి జన్యువులు అక్కర్లేదు. ఖాళీ అయిన గాదె మళ్లీ నిండాలి కదా! పీపీపీ1ఆర్3సీ తయారుచేసే ప్రోటీన్ గ్లైకోజన్ పేర్చే ఎంజైమ్‌ను పని దగ్గరకు తెచ్చి కూర్చోబెడుతుంది. పాత్రల్లో పెంచిన ఆస్ట్రోసైట్లకు నోరాడ్రినలిన్ ఇస్తే గ్లైకోజన్ ముందు తగ్గి, కొన్ని గంటల తర్వాత మొదటికంటే ఎక్కువగా పేరుకుంటుంది. కొత్త ప్రోటీన్ల తయారీని ఆపేస్తే ఆ రెండో దశ రాదు. ఇప్పటి ఖర్చు, రేపటి నిల్వ, రెండిటికీ ఉత్తరువు ఒక్కచోటి నుంచే.

రెండో ఉదాహరణ డీఐఓ2. థైరాయిడ్ గ్రంథి ఎక్కువగా పంపేది టీ4, కణాల్లో గట్టిగా పనిచేసేది టీ3. మెదడులో ఆ మార్పిడి చేసే ఎంజైమ్‌కు నమూనా ఈ జన్యువే, అదీ ఆస్ట్రోసైట్లలోనే.

ఒత్తిడి రోజుల తరబడి సాగితే?

అప్పుడు నోరాడ్రినలిన్ తయారుచేసే కణాల జన్యువులే మారతాయి. ఎలుకలను ఒక్కసారి కదలకుండా బంధిస్తే లోకస్ సెరూలియస్‌లో టైరోసిన్ హైడ్రాక్సిలేజ్ ఎంఆర్‌ఎన్‌ఏ కాసేపు పెరిగి దిగుతుంది. రోజూ బంధిస్తే ఆ పెరుగుదల నిలబడిపోతుంది. ఆ తర్వాత ఎంజైమ్ తయారై, పొడవాటి తీగల చివరిదాకా చేరడానికి ఇంకొన్ని రోజులు పడుతుంది.

ఈ సూత్రం బయటపడడానికి మన దేశపు మొక్క ఒకటి సాయపడింది. సర్పగంధి వేరు రక్తపోటుకు పనిచేస్తుందని బొంబాయి వైద్యుడు రుస్తుం జాల్ వకీల్ 1949లో ప్రచురించారు. 1952లో దాన్నుంచి రిసర్పిన్ విడదీశారు. అది నోరాడ్రినలిన్‌ను సంచుల్లోకి ఎక్కనివ్వదు, బయట మిగిలినది నాశనమైపోతుంది. నిల్వ ఖాళీ కావడంతో నాడులు పరుగులు పెడతాయి. 1969లో టోనెన్, ముల్లర్, ఆక్సెల్‌రాడ్ ఎలుకలకు రిసర్పిన్ ఇచ్చి చూస్తే, అడ్రినల్ గ్రంథిలోనూ నాడీగ్రంథుల్లోనూ టైరోసిన్ హైడ్రాక్సిలేజ్ మొత్తమే పెరిగింది. అడ్రినల్ గ్రంథికి వెళ్లే నాడిని కోసేస్తే పెరగలేదు. నాడి పని ఎక్కువైతే దాన్ని అందుకునే కణం తన జన్యువును ఎక్కువగా చదువుతుందని అలా తేలింది.

భయపడ్డ సంఘటన ఏళ్లు గడిచినా కళ్లకు కట్టినట్టు ఎందుకుంటుంది?

జ్ఞాపకం గట్టిపడాలంటే కొత్త ప్రోటీన్లు కావాలి, వాటికి జన్యువులు చదవాలి. అమిగ్డలాలో బీటా గ్రాహకాలు ఆ పనికి ఊతమిస్తాయి. 1994లో కేహిల్, మెక్‌గా బృందం కొందరికి బీటా గ్రాహకాలను మూసే ప్రొప్రనొలాల్ మందు, కొందరికి ఉత్తుత్తి మాత్ర ఇచ్చి బొమ్మలతో కథ చెప్పారు. వారం తర్వాత అడిగితే, ప్రొప్రనొలాల్ వేసుకున్నవారికి కథలోని ప్రమాద ఘట్టం మిగతా ఘట్టాలకంటే ఎక్కువగా ఏమీ గుర్తులేదు. మామూలు ఘట్టాలు మాత్రం అందరికీ ఒకేలా గుర్తున్నాయి.

అయితే పరీక్షకో ఇంటర్వ్యూకో ముందు ప్రొప్రనొలాల్ వేసుకోవచ్చా?

పక్కింటివారు ఇచ్చిన మాత్ర మాత్రం వద్దు. ఉబ్బసం ఉన్నవారిలో ఊపిరి గొట్టాలు బిగుసుకుని ప్రాణం మీదకు రావచ్చు. గుండె వేగం ముందే తక్కువగా ఉన్నవారికి, హార్ట్ బ్లాక్ ఉన్నవారికి ప్రమాదం. ఇన్సులిన్ తీసుకునేవారిలో చక్కెర పడిపోతే రావలసిన వణుకు, గుండెదడ కనిపించవు. చెమట ఒక్కటే మిగులుతుంది, దాన్ని గమనించుకోవాలి. రోజూ వాడుతున్నవారు హఠాత్తుగా ఆపకూడదు, డాక్టరు చెప్పినట్టు మెల్లగా తగ్గించాలి. క్లోనిడిన్‌కు కూడా ఇదే హెచ్చరిక, ఒక్కసారిగా మానేస్తే రక్తపోటు ఎగదన్నుతుంది.

ఇంకో సంగతి: అన్ని బీటా మందులూ మెదడుకు ఒకేలా చేరవు. ప్రొప్రనొలాల్ కొవ్వులో కరుగుతుంది, సులువుగా వెళ్తుంది. అటెనొలాల్ చాలా తక్కువ.

పీడకలలకు ప్రజోసిన్ పనిచేస్తుందా?

ఇది ఆల్ఫా-1ను మూసే మందు. చిన్న అధ్యయనాల్లో మంచి ఫలితాలు వచ్చాయి. 2018లో వెలువడిన పెద్ద అమెరికా మాజీ సైనికుల అధ్యయనంలో ఉత్తుత్తి మాత్రకంటే మెరుగని తేలలేదు. కొందరు మానసిక వైద్యులు ఇప్పటికీ ఇస్తున్నారు. మొదటి మోతాదుకే లేచి నిలబడితే కళ్లు తిరిగి పడిపోయే అవకాశం ఉంది, అందుకే పడుకునే ముందు అతి తక్కువతో మొదలుపెడతారు.

డిప్రెషన్ మందు నోరాడ్రినలిన్‌ను ఆ రోజే పెంచుతుందట. మరి గుణం కనబడడానికి వారాలెందుకు?

వెన్లఫాక్సిన్, డులోక్సెటిన్ వంటివి విడుదలైన నోరాడ్రినలిన్‌ను న్యూరాన్ తిరిగి పీల్చుకోకుండా ఆపుతాయి. ఇది గంటల్లో జరుగుతుంది. కానీ మెదడు ఆ పెంపుకు సర్దుకుంటుంది: ఆల్ఫా-2 బ్రేకులు సడలాలి, గ్రాహకాల సంఖ్య మారాలి, జన్యువుల చదువు కొత్త పద్ధతిలో స్థిరపడాలి. వారాలపాటు మందు ఇచ్చిన ఎలుకల్లో బీటా స్పందన తగ్గుతుందని 1975లోనే వెటులానీ, సుల్సర్ చూపారు. అన్ని డిప్రెషన్ మందులూ అలా చేయవు కాబట్టి అదొక్కటే వివరణ అనుకోకూడదు. ఆచరణలో మాత్రం, రెండు వారాలకే 'పనిచేయట్లేదు' అని మానేయడం తొందరపాటు.

రక్తపరీక్షతో నా మెదడులో నోరాడ్రినలిన్ ఎంతుందో తెలుస్తుందా?

తెలియదు. రక్తంలో ఉన్నది ఎక్కువగా శరీరమంతా ఉన్న సింపథెటిక్ నాడుల నుంచి చిందినది. సూది గుచ్చిన నొప్పికే అది పెరుగుతుంది. వైద్యంలో నిజంగా పనికొచ్చే పరీక్ష వేరు: ఫియోక్రోమోసైటోమా అనే అడ్రినల్ కణితిని కనిపెట్టడానికి రక్తంలోగానీ 24 గంటల మూత్రంలోగానీ మెటానెఫ్రిన్లు (అడ్రినలిన్, నోరాడ్రినలిన్ విరిగితే వచ్చేవి) కొలుస్తారు. రక్తం ఇచ్చేముందు 20 నుంచి 30 నిమిషాలు పడుకోవాలి, కూర్చుని ఇస్తే అంకె తప్పుగా పెరుగుతుంది. మూత్రమైతే మొదటిరోజు పొద్దుటిది పారబోసి, అప్పటి నుంచి మర్నాటి పొద్దుటిదాకా ఒక్కటీ వదలకుండా పట్టాలి. డిప్రెషన్ మందులు తప్పుడు పాజిటివ్ ఇవ్వగలవు, కొన్ని ల్యాబ్ పద్ధతుల్లో పారాసిటమాల్ కూడా అడ్డొస్తుంది. వాడే మందుల జాబితా ముందే చెప్పాలి.

'మీ ఒత్తిడి జన్యువు' అంటూ ఉమ్మి పరీక్షలు అమ్ముతున్నారు. నమ్మవచ్చా?

ఆ నివేదికల్లో తరచూ కనిపించేది సీఓఎంటీ జన్యువు, నోరాడ్రినలిన్ వంటివాటిని విరిచే ఎంజైమ్‌కు నమూనా ఇదే. 158వ స్థానంలో వాలిన్ ఉంటే ఎంజైమ్ చురుకు, మెథియోనిన్ ఉంటే నెమ్మది. ఇంతవరకు నిజం. దాన్నిబట్టి ఒక మనిషి ఒత్తిడిని ఎలా తట్టుకుంటాడో చెప్పడం మాత్రం కుదరదు. పైగా ఉమ్మి పరీక్ష చదివేది డీఎన్‌ఏ అక్షరాలను. ఈ పేజీ అంతా చెప్పుకున్నది ఆ అక్షరాలను కణం ఎంత చదువుతోందన్న సంగతి, అది ఉమ్మిలో దొరకదు.

ల్యాబ్‌లో ఎలుకలకు ఒత్తిడికి ముందు బీటా గ్రాహకాలు మూసి, జన్యువుల చదువు కొలిచే ప్రయోగం చేయబోతున్నాం. ఎక్కడ తప్పు జరుగుతుంది?

మొట్టమొదట, సంస్థ జంతు నైతిక కమిటీ అనుమతి లేకుండా ఏదీ మొదలుపెట్టకండి. తర్వాత తప్పులు ఎక్కువగా జరిగేది యంత్రాల దగ్గర కాదు, పంజరాల దగ్గర.

ఎలుకను చేత్తో పట్టుకోవడమే ఒత్తిడి, సూది అంతకంటే పెద్ద ఒత్తిడి. ఉప్పునీటి ఇంజెక్షన్‌కే సీ-ఫాస్ లేస్తుంది. ప్రయోగానికి ముందు అయిదారు రోజులు రోజూ పట్టుకుని అలవాటు చేయండి. గుంపులు రెండు కాదు, నాలుగు ఉండాలి: ఉప్పునీరు-ప్రశాంతం, ఉప్పునీరు-ఒత్తిడి, మందు-ప్రశాంతం, మందు-ఒత్తిడి. మూడోది లేకపోతే మందు తనంతట తాను ఏం చేసిందో తెలియదు.

అందరికీ ఒకే గంటలో చేయండి. ఎలుకల్లో కార్టిసాల్ పాత్ర పోషించే కార్టికోస్టిరోన్ చీకటి పడే వేళకు సహజంగానే పెరుగుతుంది. ఒకే పంజరంలోంచి ఒక్కొక్కటిగా తీస్తే చివరిది మిగతావాటి వాసనకు అప్పటికే బెదిరిపోయి ఉంటుంది. వరుసను గుంపుల మధ్య కలగలపండి.

మందు విషయంలో, ప్రొప్రనొలాల్ సాధారణంగా కిలోకు 10 మిల్లీగ్రాములు, అరగంట ముందు. అది గుండె మీద కూడా పనిచేస్తుంది కాబట్టి, మెదడుకు సరిగ్గా చేరని నాడొలాల్‌నో సొటాలాల్‌నో ఇచ్చిన గుంపు ఇంకోటి పెడితే ఫలితం మెదడుదా శరీరానిదా తేలుతుంది. పొట్టలోకి నోరాడ్రినలిన్ ఎక్కించి మెదడు ఫలితం ఆశించకండి. మెదడులో విడుదల పెంచాలంటే యోహింబిన్ కావాలి.

ఎంఆర్‌ఎన్‌ఏ కోసమైతే ఒత్తిడి మొదలైన 30 నుంచి 45 నిమిషాలకు కణజాలం తీయండి. ఫాస్ ప్రోటీన్ రంగు వేయడానికైతే 90 నిమిషాలకు, 4 శాతం పారాఫార్మాల్డిహైడ్‌తో. ఈ రెండు వేళలూ కలగాపులగం చేసి 'ఏమీ కనబడలేదు' అనుకునేవారు చాలామంది. హిప్పోక్యాంపస్ తీసిన వెంటనే గడ్డకట్టించండి. ట్రైజాల్ పద్ధతిలో 50 నుంచి 100 మిల్లీగ్రాములకు ఒక మిల్లీలీటరు ట్రైజాల్, 0.2 మిల్లీలీటరు క్లోరోఫాం, 4 డిగ్రీల దగ్గర 12,000 జీ వేగంతో 15 నిమిషాలు. పైపొర నీటిని తీసేటప్పుడు మధ్యలోని తెల్లపొర తగలనివ్వకండి, కొంచెం వదిలేసినా నష్టం లేదు. 260/280 నిష్పత్తి 2 దగ్గర ఉండాలి, బాగా తగ్గితే ఫినాలో ప్రోటీనో కలిసిందని అర్థం. డీఎన్‌ఏజ్ మెట్టు వదిలేస్తే జన్యువు డీఎన్‌ఏనే లెక్కకు వస్తుంది.

ఎంఆర్‌ఎన్‌ఏ ఎంతుందో కొలిచే క్యూపీసీఆర్‌లో ప్రైమర్ సామర్థ్యం 90 నుంచి 110 శాతం మధ్య ఉందో లేదో మీరే పరీక్షించాలి. పోల్చుకునే జన్యువులు కనీసం రెండు, అవి ఒత్తిడిలో కదలవని మీ నమూనాల్లోనే రుజువు కావాలి. లెక్కకు వచ్చేది ఎలుకల సంఖ్య, ప్లేటులోని గుంటల సంఖ్య కాదు.

అన్నీ సరిగ్గా చేశాం. సీ-ఫాస్ లేచింది, ప్రొప్రనొలాల్ ఇచ్చినా తగ్గలేదు. మందు పాడైందా?

పాడై ఉండకపోవచ్చు. హిప్పోక్యాంపస్ సీ-ఫాస్‌ను లేపే దారులు చాలా ఉన్నాయి, గ్లూటమేట్ ఒక్కటే చాలు. బీటా దారి మూసుకుందా లేదా అని తెలియాలంటే అదే సీడీఎన్‌ఏలో (ఎంఆర్‌ఎన్‌ఏ నుంచి తీసిన డీఎన్‌ఏ నకలు) డీఐఓ2, పీపీపీ1ఆర్3సీ కొలవండి. అవి తగ్గితే మందు పనిచేసినట్టే. అవీ తగ్గకపోతే మొదట చూడవలసింది మోతాదు లెక్క, తర్వాత ఇంజెక్షన్ వేళ. మొత్తం కణజాలంలో ఆస్ట్రోసైట్ల గొంతు న్యూరాన్ల మధ్య పలుచబడుతుంది, కాబట్టి చిన్న తేడాకు గుంపుకు నాలుగు ఎలుకలు చాలవు.